లేదనుకున్న స్తంభం

రామతులసి పోయిన నెలలో ఇరవై ఆరు స్తంభాలు పీకేసింది. ఒక్కొక్కటిగా పీకి, పైనున్న పద్నాలుగు అంతస్తులూ ఏమవుతాయో చూసి, మళ్ళీ నిలబెట్టి, పక్కదాని పని పట్టింది. ఇదంతా పటమటలో ఒక మందుల షాపు పైన, వెంకటకృష్ణారావుగారి ఆఫీసులో, కీచుమనే ఫ్యాను కింద, కంప్యూటర్లో జరిగింది కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆవిడ మెడ మాత్రం పట్టేసింది.

ఇరవై ఐదింటితో పేచీ లేదు. ఒకటి పోతే దాని బరువు పక్కవి పంచుకుని, కాస్త వంగి, మొత్తానికి నిలబడ్డాయి. చిక్కంతా సి-7 అనే స్తంభం దగ్గరే వచ్చింది. నిడమానూరు దగ్గర హైవే పక్కన లేస్తున్న చంద్రవంక టవర్స్‌లో, గేటు లోపలికి రాగానే బళ్ళు మలుపు తిరిగే చోట ఉంటుందది. మలుపు కోసమని దానికి అటూ ఇటూ ఎడం ఎక్కువ వదిలారు. అందుకని ఏ లారీ అయినా గుద్దితే గుద్దేది దాన్నే, అది పోతే పైవాటిని వరసగా కిందికి లాక్కొచ్చేదీ అదే. తెరమీద మొదటి అంతస్తు, దాని మీద రెండోది, దాని మీద మూడోది ఎర్రబడుతూ పైదాకా పోతుంటే రామతులసి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

మందు పెద్ద ఖరీదైనదేం కాదు. ఆ స్తంభం మీదుగా పోయే దూలాల్లో, ప్రతి అంతస్తులోనూ, కింది కడ్డీలు స్తంభం దగ్గర ఆగిపోకుండా ఇటునుంచి అటు ఏకంగా సాగాలి. వాటికి తోడు ఇంకో రెండు వెయ్యాలి. స్తంభం ఉన్నన్నాళ్ళూ వాటికి పెద్ద పనేం ఉండదు. అది లేని రోజున మాత్రం, రెండు పక్కల దూలాలూ కలిసి ఒకే పొడుగాటి దూలమైపోయినప్పుడు, కింద పడిపోకుండా పట్టుకునేవి అవే. అలా గీసి రెండో డ్రాయింగు పంపింది. సైటు వాళ్ళు దాన్ని మైదా జిగురుతో ప్లైవుడ్ చెక్కకి అతికించుకుని పని మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నం వెంకటకృష్ణారావుగారు తన గదిలోంచి పిలిచే వరకూ అంతా సవ్యంగానే ఉంది.

"తులసీ, ఆ చంద్రవంక డ్రాయింగు ఒకసారి తెరువమ్మా. బిల్డర్ జయంత్ ఫోన్ చేశాడు. సి-7 దగ్గర ఇనుము కుక్కేశారంటాడు. కాంక్రీటు దిగదంట."

"దిగుతుంది సార్. అక్కడ వరకూ సన్న కంకర వాడమని నోట్ కూడా రాశాను."

"రాశావు. ఆ నోట్ చూశాకే అతనికి మరీ మండింది." ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. విజయవాడలో సగం అపార్ట్‌మెంట్ల డ్రాయింగుల మీద ఆయన రబ్బరు ముద్ర ఉంటుంది. "ఒక్కటి చెప్పు. ఇదంతా బిల్డింగ్ కోడ్ అడుగుతోందా?"

"ఎత్తు యాభై మీటర్లు దాటితే అడుగుతుంది సార్."

"మనదెంత?"

"నలభై ఏడున్నర."

"మరి?"

రెండున్నర మీటర్ల తేడా లారీ డ్రైవరుకి ఎలా తెలుస్తుందని అడగొచ్చు. అడిగితే ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు రామతులసి పంతొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉంది.

"ఉన్న స్తంభాన్ని లేదనుకుని లెక్క వేసే మనిషిని నా సర్వీసులో నిన్నొక్కదాన్నే చూశానమ్మా. పెళ్ళిపీటల మీద కూర్చుని విడాకుల కాగితం రాసుకున్నట్టుంది. అది పోతే ఇది, ఇది పోతే అది అనుకుంటూ కూర్చుంటే ఊళ్ళో ఒక్క ఇల్లు లేవదు. ఆ అదనపువి తీసేసి, కింది కడ్డీలు మామూలుగా పిల్లర్ దగ్గర ఆపేసి మూడో డ్రాయింగు చెయ్యి. సోమవారం మొదటి శ్లాబు ముహూర్తం. నువ్వే పట్టుకెళ్ళి మేస్త్రీకి ఇచ్చిరా."

ఆయన చెడ్డవాడు కాదు. ఓపిక అయిపోయినవాడు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు గానీ ఓపిక అయిపోయినవాడితో ఏం పోట్లాడతాం, మన ఓపిక కూడా అయిపోతుంది. రామతులసికి నలభై ఏడేళ్ళు, మోకాలి నొప్పి, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. గీతలు చెరపడానికి పది నిమిషాలు పట్టింది. గీయడానికి వారం పట్టింది.

ప్రింటు మీద ఆయన ముద్ర వేసి సంతకం పెట్టాడు. 'డిజైన్' అనే గడిలో ఆయన పేరే, 'తనిఖీ' అనే గడిలోనూ ఆయన పేరే. ఆఫీసు అమ్మాయి సుస్మిత దాన్ని చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఒక సైటువి ఇంకో సైటులో కలవకుండా ఎప్పుడూ చేసేట్టే, చుట్ట పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'చంద్రవంక – 3' అని రాసి ఇచ్చింది.

*

శుక్రవారం పొద్దున్నే ఆటో దిగేసరికి హైవే మీద గన్నవరం వైపు బస్సులు బారులు తీరి ఉన్నాయి. మార్గశిరం వచ్చినా ఎండ తగ్గలేదు. సైటు వెనక చేలల్లో కోసిన వరి పనల మీద కొంగలు తిరుగుతున్నాయి. గేటులోంచి లోపలికి వెళ్తూ రామతులసి అలవాటు కొద్దీ సి-7 మీద చెయ్యి వేసింది. అది నిజంగానే ఉంది, గోనెపట్టా చుట్టి నీళ్ళు పట్టిన తడితో చల్లగా ఉంది.

రాడ్ బెండింగ్ మేస్త్రీ కాశీరావు పైనుంచి చూసి "రండి మేడంగారూ, జాగర్త, ఆ మెట్టు కదులుతుంది" అన్నాడు. గిలకలదిండి వైపు మనిషి. వాళ్ళ వాళ్ళింకా సముద్రం మీద వేటకే పోతున్నారు. ఈయన ఒక్కడు ఒడ్డుకొచ్చి ముప్పై ఏళ్ళుగా ఇనుము కడుతున్నాడు. చదువు లేదు. డ్రాయింగులో అక్షరాలు వదిలేసి కడ్డీల చుక్కలు లెక్కపెట్టుకుంటాడు, ఎప్పుడూ తప్పడు.

నిచ్చెన ఎక్కి సెంట్రింగ్ చెక్కల మీదికి వచ్చేసరికి ఆవిడ మోకాలు కలుక్కుమంది. అరచెయ్యి ఆనించడానికి చుట్టూ చూసి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి అలాగే ఆగిపోయింది. సి-7 మీది కూడలి కట్టేశారు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన కడ్డీలు ఒకదాన్నొకటి తోసుకోకుండా, ఒకటి కాస్త పైనుంచి, ఒకటి కాస్త కిందనుంచి దారి ఇచ్చిపుచ్చుకుంటూ స్తంభంలోంచి అవతలికి పోయాయి. మధ్యలో కాంక్రీటు దిగడానికీ, దాన్ని కుదిపి సర్దే వైబ్రేటర్ పెట్టడానికీ జానెడు సందు. తీగ ముడులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

"రెండు రోజులు పట్టిందండీ" అన్నాడు కాశీరావు, గొప్ప చెప్పుకుంటున్నట్టు కాకుండా ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ముందు కుదర్లేదు. ఇప్పదీసి మల్లీ కట్టాం. ఒక మాట అడగనా? పిల్లర్ దగ్గర కింది కడ్డీకి ఏం పనుంటుందండీ? బరువంతా పిల్లర్ మీదే దిగిపోద్ది గదా."

"పిల్లర్ ఉంటే దిగుతుంది" అంది రామతులసి. ఆయన భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని, ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో ఆయన మోకాలి మీద ఆనించింది. దాని మీద తీగ మెలితిప్పే కొక్కెం పెట్టింది. "ఇప్పుడు మోకాలు తీసెయ్యండి."

ఆయన తీశాడు. తువ్వాలు ఒక్కసారి కిందికి దిగి, బిగుసుకుని, కొక్కేన్ని పట్టుకుంది.

"మధ్యలో అతుకు ఉందనుకోండి?"

కాశీరావు తువ్వాలుని మధ్యలో వేలితో నొక్కి చూశాడు. "వల గూడా అంతేనండీ. ఒక కన్ను తెగితే పక్క కళ్ళు పట్టుకోవాలి. ఆ కన్ను కాడ్నించి సర్రున చిరిగిందంటే అల్లినోడిదే తప్పు." తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "అయితే దీన్ని గుద్దితే పైన కాపరమున్నోళ్ళు బయటికి రావొచ్చంటారు."

"రావొచ్చు."

"మంచి లెక్కండీ ఇది."

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ లెక్కని ఎవరైనా మంచిదన్నది అదే మొదటిసారి. ఆఫీసులో లెక్క తప్పయితే చెబుతారు. ఒప్పయితే బిల్లు పంపుతారు. అప్పటికీ ఆవిడ చంకలో మూడో డ్రాయింగు చుట్ట అలాగే ఉంది.

కాశీరావు దాన్ని చూశాడు. చూసి, అరచేతులకంటిన తుప్పు మరక పోయేదాకా లుంగీకి తుడుచుకుని, రెండు చేతులూ ముందుకు చాపాడు. కాగితం ఎప్పుడు తీసుకున్నా ఆయన అలాగే తీసుకుంటాడు, ప్రసాదం పుచ్చుకున్నట్టు.

రామతులసి ఆ చేతుల వంక చూసింది. "ఇది... వేరే సైటుదండీ" అని చుట్టని బ్యాగులోకి దూర్చింది.

"అలాగేనండీ" అని ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

అది ధైర్యం కాదు. ఆ సంగతి ఆవిడకి నిచ్చెన దిగుతుండగానే తెలుసు. రెండు రోజులు పడి కట్టిన మనిషితో విప్పెయ్యమని చెప్పడానికి మొహం చెల్లక, రేపు చెబుదాం లెమ్మనుకోవడం. వద్దన్న పనిని వద్దని చెప్పలేక, చెయ్యమన్న పనిని చెయ్యలేక, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఇంటికొచ్చింది.

*

శనివారం వెంకటకృష్ణారావుగారు ఫైలులోంచి తల ఎత్తకుండా "ఇచ్చావా?" అన్నారు. "ఇచ్చాను సార్" అంది రామతులసి. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. "నేనూ జయంత్‌కి ఫోన్లో పంపాలే" అన్నారాయన. అయినా ఫోన్లో వచ్చింది చూసి కడ్డీ ముట్టుకోవద్దనీ, ముద్ర ఉన్న కాగితం చేతికి వస్తేనే కొయ్యాలనీ ఆ సైటుకి నేర్పింది రామతులసే. ఒకసారి ఫోన్లో బొమ్మ అడ్డం తిరిగి మెట్లు తలకిందులుగా కట్టిన దగ్గర్నుంచీ అది రూలు.

ఆదివారం మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు వచ్చింది. పటమటలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు గేటు సన్నది. ట్యాంకరు వెనక్కి వచ్చినప్పుడల్లా గేటు పక్క స్తంభాన్ని రాసుకుంటుంది. నాలుగో అంతస్తు బాల్కనీలో బట్టలు తీస్తున్న రామతులసికి ఆ చప్పుడు కాళ్ళలోంచి వినిపించింది. వంగి చూసింది. స్తంభం అంచు పెచ్చు ఊడి, లోపలి కడ్డీ తుప్పు పట్టి కనిపిస్తోంది. ఏటా అసోసియేషన్ వాళ్ళు దానికి పసుపు, నలుపు చారలు వేయించి చేతులు దులుపుకుంటారు.

"ఆ డ్రైవర్ని కాస్త ముందుకి తీయమనండి" అంది భర్తతో.

"ఎన్నేళ్ళ నుంచి రాసుకోవట్లేదు? ఏమైందని?" అన్నాడాయన పేపరు తిప్పుతూ.

ఏమీ కాలేదు. ఏదైనా అయ్యేవరకూ ఏమీ కాదు. ఆ మాట పైకి అనే ఓపిక కూడా ఆవిడకి లేకపోయింది. బట్టలు మడత పెట్టుకుంటూ నిర్ణయించుకుంది, రేపు పొద్దున్నే వెళ్ళి కాగితం ఇచ్చేస్తాను. ముహూర్తానికి ముందు ఎన్ని పీకగలిగితే అన్ని పీకుతారు. కూతురు సాయిశ్రీ కోచింగ్ నుంచి వచ్చి, అమ్మ మొహం చూసి, ఏమీ అడక్కుండా కాఫీ కలిపి ఇచ్చింది. తాగి పడుకుంది గానీ, కళ్ళు మూస్తే తువ్వాలు మీది కొక్కెమే కనపడింది.

*

సోమవారం ముహూర్తం పది గంటల పద్దెనిమిది నిమిషాలకి. రామతులసి ఎనిమిదిన్నరకే వచ్చింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. గేటు బయట నాలుగు రెడీమిక్స్ లారీలు డ్రమ్ములు తిప్పుకుంటూ నిలబడ్డాయి. కాంక్రీటు పంపు పొడుగాటి చెయ్యి చాపుకుని సిద్ధంగా ఉంది. జయంత్ వాళ్ళమ్మగారు పట్టుచీరలో, పసుపు, కుంకుమ, బంతిపూలు, కొబ్బరికాయ పెట్టిన పళ్ళెంతో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పైన సెంట్రింగ్ మీద గొంతు వినిపిస్తోంది.

"ఇక్కడెన్ని? నాలుగుండాలి. ఆరున్నాయి. పైగా ఆగాల్సిన చోట ఆగకుండా సాగదీశావ్. నాకు లెక్క రాదనుకున్నావా?"

రామతులసి నిచ్చెన ఎక్కింది. జయంత్ సి-7 దగ్గర నిలబడి ఫోను ఊపుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు, చల్లపల్లి వైపు పొలం అమ్మి మొదలుపెట్టిన మొదటి పెద్ద బిల్డింగు ఇది. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఎదురుగా కాశీరావు, వెనకాల ఆయన మనుషులు పదహారుమంది, సెంట్రింగ్ వాళ్ళు, కాంక్రీటు వాళ్ళు.

"టన్నుల లెక్కన కూలి కదయ్యా నీకు? ఎంత ఇనుము ఎక్కిస్తే అంత డబ్బు. అందుకే వేశావ్. ఇంకెక్కడెక్కడ కలిపావో చెప్పు."

"నాదే పొరపాటు బాబూ" అన్నాడు కాశీరావు. "సరిగ్గా సూసుకోలేదు."

"పొరపాటా? దొంగతనం అంటారు దీన్ని. శ్లాబు పడగానే నీ మనుషుల్ని తీసుకుని నడువ్. ఈ చుట్టుపక్కల ఏ సైటులోనూ నీకు పని దొరక్కుండా చూస్తా."

కాశీరావు తల వంచుకుని చేతిలో కొక్కేన్ని ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఆయన మనుషుల్లో ఒకడు ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాడు. రామతులసి భుజానికి బ్యాగు ఉంది. బ్యాగులో చుట్ట ఉంది. నోరు తెరిస్తే ఏమవుతుందో వరసగా కనిపించింది: జయంత్ సారుకి ఫోన్ చేస్తాడు, సారుకి శనివారం అబద్ధం తెలుస్తుంది, నలభై ఏడేళ్ళ ఆడమనిషికి సొంత ముద్ర లేకుండా ఇంకో ఆఫీసులో ఉద్యోగం ఎవరిస్తారు, సాయిశ్రీ ఇంజినీరింగ్ సంగతేంటి. ఎన్ని నిమిషాలు అలా నిలబడిందో తెలీదు. ఆ నిమిషాలన్నీ ఆ ముసలాయన దొంగ అనిపించుకుంటూనే ఉన్నాడు. ఆ సంగతి తర్వాత చాలా రోజులు ఆవిడని తినేసింది.

"ఆయన తప్పు కాదండీ" అంది చివరికి. "మూడో డ్రాయింగు ఆయనకి ఇవ్వలేదు. నేనే ఇవ్వలేదు. ఇదిగో, నా దగ్గరే ఉంది."

చుట్ట తీసి చూపించింది. జయంత్ చుట్టని చూశాడు, ఆవిడని చూశాడు. "మర్చిపోయారా?"

అవునంటే సరిపోయేది. "లేదు. ఇవ్వాలనిపించలేదు" అంది.

కింద లారీల డ్రమ్ములు తిరుగుతున్న చప్పుడు. జయంత్‌కి కోపం ఎటు మళ్ళించాలో అర్థం కాక మేస్త్రీ వైపే తిరిగాడు. "ఇప్పుడు పీకాలంటే ఎంతసేపు?"

"కడ్డీల చుట్టూ కట్టిన రింగులన్నీ ఇప్పదియ్యాలి బాబూ. పొద్దుగూకుద్ది."

"లారీలు వెనక్కి పంపెయ్యండి. రేపు పోద్దాం."

కింద కుర్చీలోంచి వాళ్ళమ్మగారి గొంతు లేచింది. "ఏంట్రా రేపు పోసేది? రేపు మంగళవారం. ఎల్లుండి నుంచి శుక్రమూఢం. మళ్ళీ ముహూర్తమంటే ఫాల్గుణమే. అప్పటిదాకా చెక్కలు ఎండకెండి వానకి తడుస్తాయా? రెండు కడ్డీలు ఎక్కువైతే కొంప మునిగిందా? కిందికి దిగు ముందు, కర్పూరం వెలిగించాలి."

జయంత్ ఫోను జేబులో పెట్టుకుని దిగాడు. పది గంటల పద్దెనిమిదికి కొబ్బరికాయ పగిలింది. వాళ్ళమ్మగారు పంపు గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. మొదటి కాంక్రీటు సి-7 మీదే పడింది. యాభై మీటర్ల నిబంధన చెయ్యలేని పని శుక్రమూఢం చేసిపెట్టింది. వైబ్రేటర్ గుర్రుమంటూ కడ్డీల మధ్య ఆ జానెడు సందులోంచి దిగింది, బూడిదరంగు ముద్ద కుతకుతలాడుతూ సర్దుకుని, కడ్డీలన్నిటినీ కప్పేసింది. ఇక వాటిని ఎవరూ లెక్కపెట్టలేరు. రామతులసికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది.

*

పదకొండున్నరకి వెంకటకృష్ణారావుగారు ఫోన్ చేశారు. కేకలేమీ వెయ్యలేదు. వేసి ఉంటేనే నయం. "నాతో అబద్ధం ఆడతావనుకోలేదమ్మా" అన్నారు. "రేపట్నుంచి ఆ సైటు మన ఆఫీసులో సాయిగణేష్ చూస్తాడు. రెండో శ్లాబు డ్రాయింగు కూడా అతనే చేస్తాడు. నీ సంగతి ఆఫీసులో మాట్లాడుకుందాం."

రామతులసి కడ్డీలు కోసే బల్ల పక్కన, సిమెంటు బస్తాల మీద కూర్చుంది. ఎదురుగా ప్లైవుడ్ చెక్క మీద రెండో డ్రాయింగు, మైదా జిగురు మీద చీమలు పాకుతూ, అలాగే ఉంది. కాశీరావు రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, ఒకటి ఆవిడ చేతికిచ్చి, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నా మూలంగా మీరు అన్ని మాటలు పడ్డారు" అంది రామతులసి. "కాగితం ఆ రోజే ఇచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు."

ఆయన జవాబు చెప్పకుండా జేబులోంచి ఫోను తీశాడు. అద్దం పగిలి, టేపు అంటించిన ఫోను. బొటనవేలితో పైకీ కిందికీ జరిపి ఆవిడ వైపు తిప్పాడు. పగుళ్ళ కింద మూడో డ్రాయింగు. జయంత్ పంపింది.

"శనోరం సాయంత్రమే వచ్చిందండీ."

రామతులసికి వెంటనే అర్థం కాలేదు. "మీకు తెలుసా?"

"సదువు రాదు గానీ సుక్కలు లెక్కపెట్టుకోడం వచ్చు గదండీ. నాలుగే ఉన్నాయి."

"మరి తియ్యలేదేం?"

"మీరే గదండీ సెప్పింది, ఫోన్లో వచ్చింది చూసి కడ్డీ ముట్టుకోవద్దని. కాగితం చూస్తే మీ సంచిలో ఉంది."

"వేరే సైటుదన్నాను కదా."

కాశీరావు మొహమాటంగా నవ్వాడు. "చుట్ట మీద ఎర్రసిరాతో ఈ సైటు పేరే ఉందండీ. ఆర్నెల్ల నుంచి రోజూ గేటు మీద బోర్డు చూస్తన్నా, ఆ అచ్చరాలు గుర్తుపట్టలేనా? నేను సెయ్యి చాపాక మీరు సంచిలో ఎట్టుకున్నారు. అప్పుడే అనుకున్నా, ఇయ్యమన్నారు, ఈవిడకి ఇయ్యబుద్ధి కాట్లేదని."

"అందరి ముందూ దొంగ అంటుంటే చెప్పొచ్చు కదా."

"సెప్తే మీ పేరు సెప్పాలి గదండీ" అన్నాడాయన, అంతకంటే వివరం అక్కర్లేదన్నట్టు. "నన్ను పొమ్మంటే ఇంకో సైటుకి పోతా. మీకట్టా కాదు గదా."

పొద్దుట్నుంచీ రామతులసి తను ఈ మనిషిని కాపాడాననుకుంటోంది. ఆ ఊహ మీదే ఆ బస్తాల మీద నిటారుగా కూర్చోగలిగింది. మూడు రోజులుగా తన మీది బరువు ఇంకో భుజం మీద ఉందని ఆవిడకి తెలియనే తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎక్కడో, చాలా కాలానికి, వీపు మీద బరువు దిగినట్టూ అనిపించింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

కాశీరావు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "బాబు ఉండమన్నాడండీ, రెండో శ్లాబు కడ్డీలు రేపు కోత మొదలెట్టాలి. ఏ కాగితం చూసి కొయ్యమంటారు?"

ఇంకా పద్నాలుగు శ్లాబులు. వాటికి ముహూర్తాలుండవు, ఆపడానికి మూఢాలూ ఉండవు. రేపు సాయిగణేష్ ముద్ర వేసిన కొత్త కాగితం తెస్తే ఈయన ఏం చేస్తాడు? ఆ మాట అడిగితే ఈయన మళ్ళీ తన భుజమే ఇస్తాడు. అడగకూడదు.

రామతులసి లేచి చెక్క దగ్గరికి వెళ్ళింది. కడ్డీల మీద గుర్తులు పెట్టే మార్కరు బల్ల మీద ఉంది. మూత తీసి, డ్రాయింగు మూల గడిలో, వెంకటకృష్ణారావుగారి పేరు కింద, సి-7 లేదనుకుని లెక్క వేసింది తనేనని రాసింది. కింద తన పేరు పొడుగ్గా రాసి, ఫోను నంబరు వేసింది. పంతొమ్మిదేళ్ళలో ఆ గడిలోకి ఆవిడ పేరు ఎక్కడం అదే మొదలు.

"ఏం రాశారండీ?"

"ఈ కడ్డీలు ఎందుకని ఎవరడిగినా నన్ను అడగమని. మిమ్మల్ని కాదు. సైటు మారిపోయినా, ఆఫీసు మారిపోయినా నంబరు అదే."

కాశీరావు దగ్గరికొచ్చి ఆ అక్షరాలని వేలితో తాకకుండా చూశాడు. "ముద్ర లేదు గదండీ."

"లేదు. పేరుంది."

"సాలండీ" అన్నాడాయన. తన మనుషుల్లో ఒకణ్ణి కేకేసి, వాన పడితే తడవకుండా ఆ చెక్కని లోపలికి జరిపించాడు.

రామతులసి మూడో డ్రాయింగు చుట్టని సంచిలో సర్దుకుంది. గేటు దాటుతూ సి-7 మీద చెయ్యి వెయ్యబోయి, పైన శ్లాబులోంచి నీళ్ళు కారుతుంటే వెనక్కి తీసుకుంది. విజయవాడ బస్సు కిక్కిరిసి ఉంది. ఒకావిడ జరిగి చోటిచ్చింది. సంచిలోంచి పైకి పొడుచుకొచ్చిన చుట్టని చూసి, "క్యాలెండరా అమ్మా?" అని అడిగింది.

"కాదండీ" అంది రామతులసి. "మా సారుకి తిరిగిచ్చెయ్యాలి."